మధ్యాహ్నం బ్యాచ్ తెలివితేటలు

"పరీక్షల్లో అన్యాయం అనే మాట ఇవాళ్టితో చెల్లు!" అని మా విద్యామంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన టైపు చేసింది నేనే. ఉబ్బితబ్బిబ్బైపోయాను. మా అమ్మాయి మెడికల్ సీటు కోసం రాసేది ఆ పరీక్షే మరి, అదీ మధ్యాహ్నం బ్యాచ్‌లో. పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఇంకో పేపరు. ఏది కష్టంగా వస్తే ఆ పిల్లల గతి అధోగతి.

న్యాయం చెయ్యడానికి గణాంకాల మేష్టారిని పిలిపించారు.

"రెండు పేపర్లలోనూ కొన్ని ఉమ్మడి ప్రశ్నలుండాలి సార్. వాటినిబట్టి పిల్లల్లో కంటికి కనబడని సామర్థ్యాన్ని అంచనా వేస్తాం. సామర్థ్యం సమానంగా ఉండీ మార్కులు తగ్గాయంటే తప్పు పేపరుది. మార్కులు కలుపుతాం."

"కనబడని సామర్థ్యమా! మా క్యాబినెట్ నిండా అదేగదయ్యా!" అని మంత్రిగారు మురిసిపోయారు. "కాకపోతే పొద్దున అడిగింది మధ్యాహ్నం అడిగితే లీకంటారు. లీకైనా ఫర్వాలేని ప్రశ్నలు చూడండి."

కమిటీ మూడు రోజులు కూర్చుని మూడు ప్రశ్నలు తేల్చింది. ఈ రోజు ఏ వారం? ఇది ఏ నెల? ఇప్పుడు ఉదయమా, మధ్యాహ్నమా?

మేష్టారు తల పట్టుకున్నారు. "ఇవి ప్రశ్నలు కావండీ!"

"చివర ప్రశ్నార్థకం పెట్టించాం కదయ్యా!"

ఉమ్మడి ప్రశ్నలకు కీ కూడా ఉమ్మడిగానే ఉండాలని ఆఫీసు పరీక్ష రోజు పొద్దున పదింటికే తయారు చేసేసింది. గురువారం, జూన్, ఉదయం.

మధ్యాహ్నం పేపరు పిల్లల్ని ఏడిపించింది. మార్కులు కలుస్తాయిలే అని మా అమ్మాయిని ఊరడించాను. కంప్యూటర్ ఒక్క మార్కూ కలపలేదు. మూడో ఉమ్మడి ప్రశ్న ఆ బ్యాచ్ దాదాపు మొత్తం తప్పింది కనుక, పేపరు కష్టం కాదు, పిల్లలే మొద్దులు అంది.

"ఇరవై వేల మందికి పొద్దుకీ మాపుకీ తేడా తెలీదు," అని మంత్రిగారు విలేకరుల ముందు బాధపడ్డారు.

"కీ తప్పు సార్!" అని మేష్టారు మొత్తుకున్నారు.

"మారిస్తే ఉదయం బ్యాచ్‌కి అన్యాయం కాదూ?"

మధ్యాహ్నం బ్యాచ్‌లో 'ఉదయం' అని రాసినవాడు ఒక్కడే ఉన్నాడు, మంత్రిగారి బావమరిది కొడుకు. అప్పుడే నిద్ర లేపి తీసుకొచ్చారట. ఇరవై వేల మందికి రానిది ఒక్కడికే వచ్చిందంటే అసాధారణ సామర్థ్యమే కదా. ఫస్టు ర్యాంకు ఇచ్చారు.

మంత్రిగారు ధర్మప్రభువు. అప్పీలు చేసుకున్నవాళ్లు మూడో ప్రశ్నకు మళ్లీ జవాబు రాయొచ్చన్నారు. మా అమ్మాయి మధ్యాహ్నం మూడింటికి నా బల్ల ముందు కూర్చుంది. పక్కన మంత్రిగారు నిలబడ్డారు.

"ఏం రాయమంటావు నాన్నా?"

సీటు పోతుందన్న భయంతో, "ఉదయం అని రాయి తల్లీ," అన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసింది. 'మధ్యాహ్నం' అని రాసి, కింద సంతకం పెట్టి, వెళ్లిపోయింది.

మంత్రిగారు జాలిగా నా భుజం తట్టారు. "నీ తెలివి పిల్లకి రాలేదయ్యా."

"అవునండీ," అన్నాను.