పాప ఏం వేసుకుంది?

ఈస్టరు సెలవుల్లో నది ఒడ్డున గుడారం వేసుకుని, ప్రకృతి ఒడిలో నిరాడంబరంగా నాలుగు రోజులు గడపాలని బ్రాన్విన్ కుటుంబం నిశ్చయించిన సంగతి మా వీధిలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసింది. నిరాడంబరత్వానికి కావలసిన సామాను తెచ్చే వ్యాన్లు వాళ్ళ గుమ్మం ముందు వారం పాటు ఆగకుండా ఆగాయి.

మాది ఆస్ట్రేలియాలోని బెండిగో. మా వైపు ఏప్రిల్ నెల నమ్మదగిన మనిషి కాదు. మర్రే నది ఒడ్డున గుడారం వేసినవాడికి ఎండ, చలి, వాన ఒకే పూటలో వడ్డించేస్తుంది. ఈ వాతావరణాన్ని శత్రుదేశంగా గుర్తించిన బ్రాన్విన్ తన ముగ్గురు పిల్లలనూ సాయుధులను చేసింది. పెద్దవాడు కాలమ్‌కి పదకొండేళ్ళు, నడిమిది పిప్పాకి ఆరు, చిన్నవాడు ఒటోకి మూడు. ఒక్కొక్కరికి ఒంటిని అంటిపెట్టుకునే బనీను, దాని మీద చెమట పీల్చే చొక్కా, దాని మీద గాలిని ఆపే చొక్కా, ఆ ఆగిపోయిన గాలిని లోపల ఆడించే చొక్కా. నెగడు దగ్గర కూర్చోడానికి ఒక స్వెటరు. కూర్చుని లేచాక తొడగడానికి పొగ వాసన లేని స్వెటరు మరొకటి. బురదలో ఆడే బట్టలు, బురదయ్యాక మార్చే బట్టలు, మార్చాక మళ్ళీ బురదలో దిగితే ఏమిటన్న ప్రశ్నకు జవాబుగా ఇంకో జత. దూరదృష్టి అంటే ఇదీ!

బ్రాన్విన్ భర్త క్రెయిగ్. అతని తల్లి నోరీన్ ఐదుగురు పిల్లల్ని అదే ఒడ్డున తిప్పి పెంచిన మనిషి. కోడలు కట్టిన మూటలు చూసి ఊరుకోలేకపోయింది.

“ఒక్కొక్కరికి ఒక లాగూ, ఒక స్వెటరూ చాలవూ? తడిస్తే ఆరతాయి. ఆరకపోతే తడిబట్టల్తోనే తిరుగుతారు. మా క్రెయిగ్ అలా పెరిగినవాడే.”

బ్రాన్విన్ భర్త వైపు ఒకసారి చూసింది. “అదే నా భయం, నోరీన్,” అంది.

కారులో స్థలాన్ని న్యాయంగా పంచారు. పిల్లల బట్టలు ముందు ఎక్కాయి. క్రెయిగ్ గాలాలు దిగిపోయాయి. కుర్చీలు దిగిపోయాయి. బీరు చల్లబరిచే పెట్టె పోయి, దాని స్థానంలో పిల్లవాడి అన్నం డబ్బా అంతది వచ్చింది. క్రెయిగ్ సొంత బట్టలు అతని ఒంటి మీద ఉన్నవాటికి పరిమితమయ్యాయి.

“బ్రాన్, మరి గుడారం?” అన్నాడు క్రెయిగ్, చేతుల్లో దాన్ని పట్టుకుని.

గుడారం నోరీన్ ఒడిలో ప్రయాణం చేసింది.

మేమూ వెనకాలే వెళ్ళి పక్కనే దిగాం. మాకు అటువైపు మా వీధివాళ్ళే, ప్రెండర్‌గాస్ట్ కుటుంబం. ఆ ఇంటావిడ ఫియోనాకు నలుగురూ ఆడపిల్లలే. నలుగురికీ ఒకే నీలం ఉన్ని స్వెటరు, ఒకే నీలం టోపీ, ఒకే నీలం లాగూ. చూసిన ప్రతివారూ ఆగి మెచ్చుకున్నారు. బ్రాన్విన్ కూడా మెచ్చుకుని, గుడారంలోకి వెళ్ళి తన పిల్లల బట్టలు మార్చింది.

అప్పట్నించీ పోటీ అని ఎవరూ అనని పోటీ మొదలైంది. నీలగిరి చెట్లకు తాళ్ళు కట్టారు. తాళ్ళ మీద బట్టలు ఎక్కాయి. ఒకరి తాటిని ఒకరు యథాలాపంగా చూస్తూ, మంచినీళ్ళ పంపుకు అవసరం లేకపోయినా నడిచారు. నదిని చూడ్డానికి వచ్చినవాళ్ళకు నది కనిపించాలంటే ముందు కాలమ్ లాగూలు తొలగించుకోవాలి. పిల్లలు మాత్రం సహకరించలేదు. ఒటో కప్ప బొమ్మ ఉన్న వానకోటు ఒక్కటే వేసుకుని, దాని కింద మరేమీ లేకుండా రెండు రోజులు తిరిగాడు. వాడిని ఫోటోల్లోంచి తప్పించారు.

రెండోరోజు పిప్పా పసుపుపచ్చ స్వెటరుతో లేచింది. జావ ఒలకబోసుకుని ఆకుపచ్చలోకి మారింది. ఫోటో కోసం గులాబీలోకి మారింది. బూడిదలో కూర్చుని నారింజలోకి మారింది. మధ్యాహ్నం తర్వాత ఏ రంగులో ఉందో ఊసరవెల్లికే తెలియాలి.

పొద్దు వాలుతుండగా బ్రాన్విన్ రాత్రి బట్టలు తీసి పరుస్తూ పిప్పాని పిలిచింది. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. తర్వాత ఆమె గొంతు మారిపోయింది. అందరం గుడారాల్లోంచి బయటికొచ్చాం.

నది అక్కడ మెల్లగా పారుతున్నట్టే ఉంటుంది. కానీ ఎగువన వానలు పడి నీళ్ళు ఎర్రగా, బలంగా దిగుతున్నాయి. క్రెయిగ్ చెప్పులు లేకుండా ఒడ్డు వెంట పరుగెత్తాడు. ఎవరో వెళ్ళి అక్కడి అటవీ రేంజరు గస్‌ని తీసుకొచ్చారు. నెమ్మదైన మనిషి. పుస్తకం తియ్యలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్క మాట అడిగాడు.

“పాప ఏం వేసుకుంది?”

“పసుపు స్వెటరు,” అంది బ్రాన్విన్.

“అది జావ పడిందిగా,” అన్నాడు కాలమ్. “ఆకుపచ్చది.”

“నారింజ కదరా!” రొప్పుతూ వచ్చాడు క్రెయిగ్.

“నారింజ నిన్న, క్రెయిగ్! నిన్న!”

“ఇవాళ కూడా వేశావు బ్రాన్, బూడిద తర్వాత.”

“బూడిద తర్వాత కాదు, బూడిదకి ముందు!”

అప్పుడు ఫియోనా భర్త రస్సెల్ ముందుకొచ్చాడు. ఆయన మా పురపాలక సంఘంలో సభ్యుడు. ప్రమాద సమయంలో ఆయన బుర్ర పాదరసం. “తొందరపడొద్దు. తాడు మీద ఏమున్నాయో చూద్దాం. మూటల్లో ఏమున్నాయో చూద్దాం. రెంటిలోనూ లేనిది పాప ఒంటి మీద ఉన్నట్టు,” అన్నాడు. చీకటి పడుతోంది. పసిపిల్ల కనబడటం లేదు. పెద్దవాళ్ళం పదిమందిమి తాడు దగ్గర నిలబడి బట్టలు తీసివేతలు చేశాం. పసుపు ఉంది. ఆకుపచ్చ ఉంది. గులాబీ ఉంది. నారింజ కూడా తడిగా, పొదలో దొరికింది. లెక్క ప్రకారం పాప దిగంబరంగా ఉండాలి.

బ్రాన్విన్ ఆ తడి నారింజ స్వెటరు పట్టుకుని ముఖానికి అదుముకుంది. గస్ ఆమె చేతుల్లోంచి దాన్ని మెల్లగా తీసుకున్నాడు.

“బట్టలు వదిలెయ్యమ్మా. పిల్ల ఎలా ఉంటుందో చెప్పు.”

ఆమె నోరు తెరిచింది. ఏ బట్ట ఏ ఉన్నితో నేశారో, ఎంత వాన ఆపుతుందో తడుముకోకుండా చెప్పగల మనిషి. కాసేపు పెదాలు కదిలాయి. “ముద్దుగా ఉంటుంది,” అని కూలబడి ఏడ్చింది.

టార్చిలైట్లతో ఒడ్డు పొడుగునా వరుసకట్టాం. పిల్లలు కాళ్ళకడ్డం పడకుండా ఫియోనా తన బిడ్డల్ని నెగడు దగ్గర దుంగ మీద కూర్చోబెట్టి, చేతికో సాసేజీ ఇచ్చి, “కదిలారో చంపేస్తా” అని వచ్చింది. బ్రాన్విన్ ఆ దుంగ పక్కనుంచే అటు పరుగెత్తింది, ఇటు పరుగెత్తింది. ఒకసారి ఆగి, “అమ్మాయిలూ, పిప్పాని చూశారా?” అని అరిచింది. చివర కూర్చున్న నీలంటోపీ పిల్ల నోటినిండా సాసేజీతో చెయ్యెత్తింది. “తర్వాత, బంగారం,” అని బ్రాన్విన్ నదివైపు పరుగెత్తింది.

నోరీన్ మోకాళ్ళు ఒడ్డు మీద నడవనియ్యలేదు. ఆయాసపడుతూ వచ్చి ఆ దుంగ చివర చతికిలబడి, ముఖం చేతుల్లో దాచుకుంది. పక్కనున్న నీలం పిల్ల జరిగి జరిగి ఆమెకు ఆనుకుంది. కోటు జేబులో చెయ్యి పెట్టి పిప్పరమెంటు వెతికింది. అడక్కుండా అలా జేబులో చెయ్యి పెట్టే ప్రాణి ఈ లోకంలో ఒక్కటే. నోరీన్ ఆ చేతిని జేబులోనే గట్టిగా పట్టుకుంది.

“పిప్పా! నీకోసం ఊరంతా వెతుకుతోందే!”

“తెలుసు బామ్మా. నేను చెయ్యెత్తాను. అమ్మ తర్వాత అంది.”

నోరీన్ పెట్టిన కేక అవతలి ఒడ్డున ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం వాళ్ళకు కూడా వినబడి ఉంటుంది. బ్రాన్విన్ వచ్చి పిల్లను లాక్కుని, పిండేసి, ముద్దులు పెట్టి, కాస్త తేరుకున్నాక మొట్టమొదట అన్న మాట, “ఈ స్వెటరు ఎక్కడిదే?”

ఫియోనా తెల్లబోయింది. “మధ్యాహ్నం అందరూ నీళ్ళల్లో పడి వణుకుతూ వచ్చారు. వరుసగా తుడిచాను, వరుసగా తొడిగాను. అదనపు జత ఎలాగూ ఉందాయె. ఎవరి పిల్లలో ఎవరు చూస్తారు బ్రాన్?”

గస్ వెళుతూ చిన్న సలహా ఇచ్చాడు. “రేపట్నించి పిల్లకి పొద్దున వేసిన బట్ట సాయంత్రం దాకా ఉంచండి. మురికైతే కానివ్వండి. అందరికీ గుర్తుంటుంది.” ఆ సలహాను అందరం మర్యాదగా విన్నాం.

మర్నాడు ఉదయం నెగడు చుట్టూ సభ జరిగింది. రస్సెల్ కాఫీ కప్పుతో లేచి ప్రసంగించాడు. “మిత్రులారా! పిల్లల భద్రత విషయంలో మన వీధి ఏనాడూ రాజీ పడలేదు. తక్కువ బట్టలన్నది తిరోగమనం. మన ముందుతరం ఆ చీకటి యుగాన్ని ఎలా భరించిందో నోరీన్‌గారిని చూస్తే తెలుస్తుంది. లోపం బట్టలది కాదు, వాటి సంఖ్యది. ప్రతి జతకూ సరిపోయే రంగులో, దూరానికి మెరిసే ఒక చొక్కా ఉండి ఉంటే నిన్నటి ఘటన జరిగేదా?” జరిగేది కాదని సభ ఏకగ్రీవంగా తేల్చింది. నోరీన్ లేచి పళ్ళు తోముకోడానికి వెళ్ళిపోయింది. వచ్చే ఏడు కారు వెనక తగిలించే బండి ఒకటి కొనాలని క్రెయిగ్ అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. దాని మీద తన గాలాలు పట్టొచ్చని ఆశపడ్డాడట. పట్టవని బ్రాన్విన్ అప్పుడే చెప్పేసింది.

ఇల్లు చేరి ఫోను తెరిస్తే, ఆ సాయంత్రం పిప్పా కోసం కేకలు మొదలవడానికి కాస్త ముందు ఫియోనా పెట్టిన ఫోటో కనిపించింది. దుంగ మీద నీలం పిల్లలు, కింద ‘నా నలుగురు నీలిపిట్టలు’ అన్న మాట. ఫోటోలో ఐదుగురున్నారు. ఊరు ఊరంతా హృదయాలు గుమ్మరించింది. ‘ఒకరిని మించి ఒకరు ముద్దుగా ఉన్నారు!’ అని అందరికంటే ముందు రాసింది బ్రాన్విన్. ఐదుగురున్నారని ఒక్కరూ అనలేదు. ఆ స్వెటర్లు ఎక్కడ కొన్నారని మాత్రం చాలామంది అడిగారు. అడిగినవాళ్ళ పేర్లన్నీ ఓపిగ్గా చదివాను.

మీ పేరూ ఉంది.