మంత్రిగారు చావడానికి ఒప్పుకున్నారు

శనివారం ఉదయం పదకొండు గంటలకు కాలేజీ ఆడిటోరియంలో చనిపోవడానికి మంత్రిగారు దయతో అంగీకరించారని ప్రిన్సిపాల్ నోటీసు బోర్డు మీద ప్రకటించాడు. విద్యార్థులందరూ యూనిఫారంలో హాజరు కావాలి.

నాటకం ఎప్పుడో అయిదు వందల ఏళ్ల నాటిది. చావు వచ్చి మనిషిని పిలుస్తుంది. స్నేహితుడు, బంధువు, సంపద ఒకరి తర్వాత ఒకరు తప్పుకుంటారు. చివరికి వెంట నడిచేది పుణ్యం ఒక్కటే. దాన్ని ఈ కాలానికి మలిచినవాడు నాటకాల మాస్టారు. పదకొండేళ్లుగా టెంపరరీ లెక్చరర్. ఆయన్ని పర్మనెంటు చేసే ఫైలు మంత్రిగారి సంతకం దగ్గర ఆగి ఉంది. హీరో వేషం ఇస్తే మంత్రిగారు మెత్తబడతారని మాస్టారు లెక్క వేశాడు. పెట్టుబడి లేని బేరం.

రిహార్సలు మొదటి రోజే మంత్రిగారి పీఏ స్క్రిప్టు మూసేశాడు. ఆయనది స్నేహితుడి వేషం.

"నేను సార్‌ని వదిలేసి వెళ్లడమేంటండీ? పేపర్లో ఫొటో పడితే నా గతేంటి?"

"అది నాటకం కదండీ."

"మీకు నాటకం. నాకు ఉద్యోగం."

బంధువు వేషం మంత్రిగారి బావమరిదిది. "బావ ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే. రాసుకోండి," అన్నాడు. సంపద వేషం కట్టిన కాంట్రాక్టరు కళ్లు తుడుచుకుంటూ తానూ వస్తానన్నాడు. మాస్టారు రాసుకున్నాడు. ఇప్పుడు నాటకంలో ఎవరూ ఎవర్నీ వదలరు.

చావు వేషం వాచ్‌మన్‌కి దక్కింది. అపాయింట్‌మెంటు లేకుండా మంత్రిగారిని ఎవరూ పిలవకూడదని పీఏ అనడంతో, మొదటి అంకమంతా చావు బెంచీ మీద కూర్చునే ఉంటుంది.

చిక్కు పుణ్యం దగ్గర వచ్చింది. మనిషి చేసిన మంచి చాలక పుణ్యం నీరసించి నేలమీద పడి ఉంటుందని పాత కథ. అందుకని మాస్టారు ఓ బక్కపలచని అమ్మాయిని పెట్టాడు.

"మా బావ పుణ్యం ఇంతేనా? గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది," అన్నాడు బావమరిది.

ఆ అమ్మాయిని తెర తాడు దగ్గరికి పంపి, పార్టీ తరఫున ఒక వస్తాదును దింపారు.

శనివారం హాలు నిండింది. మొదటి వరస సోఫాలన్నీ మంత్రిగారి కుటుంబానికే సరిపోయాయి. అదే పార్టీ శాసనసభ్యుడికి రెండో వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మాస్టారు ఫైలూ పెన్నూ పట్టుకుని స్టేజీ పక్కన నిలబడ్డాడు. చచ్చి లేవగానే సంతకమని మాట.

వస్తాదు మంత్రిగారిని భుజాలకెత్తుకోబోతుండగా శాసనసభ్యుడి ఫోను మోగింది. ఆయన విని, మెల్లగా లేచి నిలబడ్డాడు.

"మంత్రి పదవి మీకా? ఈయనదేనా?" అన్నాడు పక్కవాడు, అందరికీ వినిపించేలా.

స్టేజీ మీద పీఏ తన ఫోను చూసుకున్నాడు. "సార్, ఒక్క నిమిషం," అని దిగాడు. బావమరిదికి నడుం పట్టేసింది. కాంట్రాక్టరు చెప్పకుండానే దిగిపోయాడు. వస్తాదు కిందికి దూకి శాసనసభ్యుణ్ని భుజాలకెత్తుకున్నాడు. కొత్త మంత్రిగారికి సోఫా లాగాలి కాబట్టి చావు కూడా వెళ్లిపోయింది. పాత స్క్రిప్టు చదివిన సాహిత్యం లెక్చరర్లు, వరస ఒక్కటీ తప్పలేదని చప్పట్లు కొట్టారు.

మంత్రిగారు తెల్లగుడ్డ కప్పుకుని ఒక్కరే మిగిలారు.

"మాస్టారూ, తర్వాతేంటి?"

"పుణ్యం వచ్చి మీ చెయ్యి పట్టుకోవాలండీ."

"ఆ పిల్లనైనా పిలవండి. ఈలోగా మీ ఫైలివ్వండి, సంతకం పెట్టేస్తాను."

మాస్టారు పెన్నుకు మూత పెట్టాడు.

"పిలుచుకొస్తానండీ."

తెర తాడు పట్టుకుని ఆ అమ్మాయి మాస్టారి పక్కనే ఉంది. ఆయన ఫైలు చంకలో పెట్టుకుని హాల్లోకి మెట్లు దిగాడు. అక్కడ రెండో వరస అప్పటికే మొదటి వరస అయిపోయింది.