చైను ఊడిన శనివారం

శనివారం పొద్దున బుల్డోజరు డ్రైవరు యోనా వేసుకున్న పథకం చాలా చిన్నది. బుల్డోజరు చైన్లలో పేరుకున్న బురద గీకెయ్యాలి. వదులైన ఎడమ చైనుకు గ్రీజు కొట్టి బిగించాలి. స్నానం చేసి మధ్యాహ్నం బస్సుకు ఇల్లందు వెళ్ళిపోవాలి. మర్నాడు చర్చిలో ఆరాధన అయ్యాక కూతురు అక్సా పెళ్ళికి ప్రధానం.

ములకలపల్లి అవతల, అడవి అంచున ఒక చెరువుకు అలుగు కాలువ తవ్వుతున్నారు. వానకు తడిసిన ఎర్రమట్టి చైన్ల మధ్య చొరబడి, రోలర్ల చుట్టూ ఎండి సిమెంటులా గట్టిపడింది. అలా మట్టి పట్టినప్పుడు, అందులోనూ చైను వదులుగా ఉన్నప్పుడు, బండిని వంపులో తిప్పకూడదు. ఆ సంగతి యోనాకు బాగా తెలుసు. చదునైన చోటికి తీసుకెళ్తే పని సులువవుతుంది కదా, ఒక్కసారికి ఏమవుతుందిలే అని తిప్పాడు. ఎడమ చైను ముందు చక్రం మీంచి జారి, నీళ్ళలో పడుకున్న బర్రెలా బురదలోకి ఒరిగింది.

మళ్ళీ ఎక్కించాలంటే లోపలి మట్టంతా తియ్యాలి. ఒక్కడివల్ల ఆ రోజుకు తెమిలే పని కాదు. చెరువు పక్క ఊళ్ళో ఫోను, కాలువ గట్టు మీదున్న కిరాణా దుకాణం గోపాలు దగ్గర మాత్రమే ఉంది. యోనా బండి కిందినుంచే కేకేసి, ఇంటికి కబురు చెప్పమన్నాడు. గోపాలు వెంటనే ఇల్లందుకు ఫోను కలిపాడు. యోనా భార్య సవరమ్మ ఎత్తింది.

"అమ్మా, యోనన్న చెప్పమన్నడు. చైను ఊడిపోయింది. ఇయ్యాల రాలేనన్నడు."

చైను అనగానే సవరమ్మకు గుర్తొచ్చింది బంగారు చైనే. ప్రధానంలో అక్సా మెడలో వెయ్యవలసిన బంగారు చైను యోనా దగ్గరే ఉంది. అది కాబోయే వియ్యంకుడు షాలేమ్‌రాజు తల్లి మెడలోది. కొక్కెం వదులైందని, కొత్తగూడెంలో అతికించి తెమ్మని షాలేమ్‌రాజే నమ్మి యోనా చేతికిచ్చాడు.

"ఏడ ఊడింది?"

"గీడనే, కాలువ కాడ. బురదల పడ్డది."

"కనబడుతుందా?"

"సగం కనబడుతుంది. సగం కూరుకపోయింది."

"అయ్యో దేవా! ఎవరన్న ఎత్తుకపోతే?"

గోపాలుకు నవ్వొచ్చింది. "ఎత్తుకపోయేటోళ్ళు పదిమంది ఉండాలె గదమ్మా" అన్నాడు. ఆ మాటలో సగాన్ని లైనులోని గరగర మింగేసింది. సవరమ్మకు వినబడింది "ఎత్తుకపోయేటోళ్ళు పదిమంది" అన్నంతవరకే.

వసారాలో కూర్చుని రేపటి భోజనాల సంగతి మాట్లాడుతున్న షాలేమ్‌రాజు అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఏంది చెల్లె?"

"చైను బురదల పడ్డదట అన్నా. సుట్టూ పదిమంది దొంగలున్నరట."

షాలేమ్‌రాజు తెల్లచొక్కా గుండీలు సవరించుకుని, "ఊడిందో, ఊడగొట్టుకున్నడో, పోయి సూద్దాం. దొరకకుంటే రేపటి సంగతి ఆలోచన చెయ్యాలె" అన్నాడు. లోపల అక్సా ఆ మాట విని, రేపటికి తీసిపెట్టుకున్న చీరను మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. జీపు కిరాయికి మాట్లాడారు. దొంగలు పదిమంది కాబట్టి చుట్టాలు అంతకంటే ఎక్కువమందే ఎక్కారు.

జీపు కాలువ దగ్గర ఆగేసరికి యోనా బండి కింద బోర్లా పడుకుని గడ్డపారతో మట్టి పొడుస్తున్నాడు. దొంగలెవరూ లేరు. పారిపోయి ఉంటారని చుట్టాలు నిర్ధారించారు.

"ఏడ పడ్డది బావా?" అన్నాడు షాలేమ్‌రాజు గంభీరంగా.

"గీ మూల మీద తిరిగేటప్పుడు ఊడింది బావా. లోపల బురద మస్తు పట్టింది. అదంత తీస్తె గాని కాదు."

షాలేమ్‌రాజు చొక్కా చేతులు పైకి మడిచి బురదలో దిగాడు. ఆయన వెనక చుట్టాలందరూ దిగారు. యోనాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంకా ప్రధానం కూడా కాలేదు, కబురు అందగానే వియ్యంకుడు జీపేసుకొచ్చి సాయం పడుతున్నాడు.

పని వింతగా సాగింది. సవరమ్మ ప్రతి మట్టిపెళ్ళనూ వేళ్ళతో చిదిపి చూస్తోంది.

"గంత మెత్తగ సెయ్యకే, బయట పారేస్తె సాలు" అన్నాడు యోనా.

"నువ్వు నోరు ముయ్యి. పారేసింది సాలు" అంది సవరమ్మ.

రోలరు సందులో వేళ్ళు పెట్టి గీకుతూ షాలేమ్‌రాజు నిట్టూర్చాడు. "మా అమ్మ ఉంటే ఎంత ఏడుస్తుండెనో."

చైను ఊడితే ఏడ్చేంత మెత్తని మనిషా ఆమె అని యోనా ఆశ్చర్యపోయి, "పెద్ద మనసు బావా ఆమెది" అన్నాడు.

కాలువ పనికి కూలికొచ్చే జంపక్క ఇదంతా గట్టు మీంచి చూసింది. ఏం వెతుకుతున్నారని సవరమ్మను అడిగింది. బంగారమని తెలియగానే ఊళ్ళోంచి చాటలు, పలుగులు వచ్చాయి. కొంతసేపటికి బుల్డోజరు అడుగున చిటికెడు మట్టి కూడా మిగల్లేదు. రోలర్లు తోమిన బిందెల్లా మెరిశాయి. బండి కదిలితే గాని దాని కింద వెతకలేమని, యోనా చెప్పినట్టు అందరూ గడ్డపారలు పట్టి చైనును ముందు చక్రం మీదికి నెట్టారు. యోనా బండిని మెల్లగా నడిపించాడు. చైను ఎక్కింది. దిగి, గ్రీజు కొట్టి బిగించాడు.

"దేవునికి స్తోత్రం! చైను ఎక్కినట్టే ఇగ!" అన్నాడు సంతోషంగా. షాలేమ్‌రాజు బురద చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, ఊరందరికీ వినబడేలా చెప్పాడు. "సూసిండ్రా! చైను ఊడిందని కబురు పంపితే వియ్యంకుడే వచ్చి బండి కింద బురద తీసిండు. గిసుంటి సంబంధం ఎవరికి దొరుకుతది?"

చుట్టాలు చేతుల్లోని గడ్డపారలు కింద పెట్టారు.

సవరమ్మ బుల్డోజరు చైను వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. "మరి బంగారు చైనేదయ్యా?" అంది.

"అదా? అదెందుకు ఇప్పుడు?" యోనా కేబిన్లో తగిలించిన చొక్కా జేబులోంచి గులాబీ కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. "మొన్ననే అతికిచ్చిన."

షాలేమ్‌రాజు తన చొక్కా చూసుకున్నాడు. అది తెల్లచొక్కా అని ఇప్పుడెవరికైనా చెబితే నమ్మరు. తిట్టడానికి నోరు తెరిచాడు. చుట్టూ ఊరంతా తననే మెచ్చుకోలుగా చూస్తోంది. యోనా మళ్ళీ వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"ఏముంది బావా, సుట్టాలన్నంక ఒకరికొకరు సాయం సెయ్యొద్దా" అన్నాడు షాలేమ్‌రాజు.

మర్నాడు ప్రధానం అనుకున్నట్టే జరిగింది. సాయంత్రానికి షాలేమ్‌రాజు మంచితనం ఇల్లందు అంతా తెలిసిపోయింది. ఆయన కూడా దాన్ని క్రమంగా నమ్మడం మొదలుపెట్టాడు.

కాలువ దగ్గరి ఊళ్ళో మాత్రం బంగారం పోలేదంటే ఎవరూ నమ్మలేదు. "చైను జేబులనే ఉంటే గంతమంది పెద్దమనుషులు బురదల దిగుతరా?" అంది జంపక్క. బుల్డోజరు తిరిగిన దారి పొడుగునా, తిరగబోయే దారి పొడుగునా కూడా ఊరు ఊరంతా ఆదివారం తవ్వింది.

సోమవారం పనులు చూడవచ్చిన ఇంజనీరు, పూర్తయిపోయిన కాలువను చూసి, చైను బిగిస్తే బండి ఎంత బాగా పనిచేస్తుందో అందరికీ వివరించి వెళ్ళాడు.