మేడ మీద మైకు, కింద మంచం

ఆ ఉదయం గున్నేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాల వేళదాకా సందులో చప్పుడు లేకుండా చూడడం, ఆ తరవాత వెళ్లి తన ఇత్తడి సామాన్ల కొట్టు తెరవడం. మండపేటలో ఆయన ఇంటి మేడ మీద వాటాను వారంపాటు ముగ్గురు పడుచువాళ్లు తీసుకున్నారు. హారతి, పృథ్వీ, భానుతేజ ఏ కంపెనీ అండా లేకుండా ఎవరి పాటలు వాళ్లే కట్టుకునేవాళ్లు. ఒకచోట చేరి, ఒకరి పాటకు ఒకరు తోడుపడి, ఆల్బం రికార్డు చేసుకుందామని వచ్చారు. గోడలకు పరుపులు ఆనించారు. గదినిండా వైర్లు పరిచారు. హైదరాబాదు నుంచి వచ్చిన భానుతేజ రికార్డింగు మిషన్లు చూసుకుంటున్నాడు.

"మైకు చాలా సెన్సిటివ్ అంకుల్. ఊపిరి తీసినా వినిపించేస్తుంది" అని హారతి బతిమాలినట్టు చెప్పింది.

ఆ పిల్ల ముఖం చూసి ఆయన మనసు కరిగిపోయింది. వెంటనే పక్కనున్న గ్రిల్స్ వర్క్‌షాపుకు వెళ్లి, దాని యజమాని బుల్లియ్య చెవిలో గుసగుసలాడాడు.

"ఈ పూటకి ఆ కటింగ్ మిషను ఆపవయ్యా. మా ఇంట్లో ఊపిరి తీసినా తెలిసిపోయే మిషన్లు పెట్టారు. గదంతా వైర్లే. హైదరాబాదు నుంచి వచ్చినతను దగ్గరుండి చూసుకుంటున్నాడు."

బుల్లియ్య ముఖం పాలిపోయింది. "అమ్మగారెలా ఉన్నారండి?"

"ఏం చెప్పను! పాపం, పొద్దుట్నుంచి మంచం దిగట్లేదు."

అడుగుల చప్పుడు పైకి వినిపిస్తుందన్న భయంతో తన భార్య రాజరాజేశ్వరి మంచం మీదే కూర్చుని చిక్కుళ్లు వలుస్తోందని ఆయన చెప్పబోయాడు. ఈలోగా బుల్లియ్య మెయిన్ స్విచ్ కట్టేసి, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

అరగంటలో సందంతా మూగబోయింది. టిఫిను కొట్టు త్రిమూర్తులు గ్రైండరు ఆపేసి, చట్నీ లేకుండానే ఇడ్లీలు అమ్మాడు. కూరలమ్మే మనిషి కేక వేయకుండా తోటకూర కట్టను చేత్తో ఎత్తి చూపిస్తూ సాగిపోయింది. పాటంటే మనవాళ్లకు ఎంత గౌరవమోనని గున్నేశ్వరరావు అరుగు మీద కూర్చుని మురిసిపోయాడు. రాజరాజేశ్వరికి ప్రాణం మీదికొచ్చిందని సందులోంచి పిఠాపురానికి ఫోను వెళ్లిన సంగతి ఆయనకు తెలియదు.

పిఠాపురంలో రాజరాజేశ్వరి అక్క అచ్చాయమ్మ ఉంది. మేనకోడలి పెళ్లిలో ఫొటోకు చెల్లెలు తనను స్టేజీ మీదకు పిలవలేదని అలిగి, ఏళ్ల తరబడి ఈ గడప తొక్కలేదు. కలుపుదామని గున్నేశ్వరరావు ఎన్నిసార్లు వెళ్లినా కాఫీ ఇచ్చి పంపించేసేది. ఇక్కడ రాజరాజేశ్వరి పండగ పండక్కీ అక్క కోసం చీర కొని బీరువాలో దాచేది.

పదకొండింటికి సందు మలుపులో ఏడుపు వినిపించింది. మేడ మీద పాట ఆగిపోయింది.

రాజరాజేశ్వరి కిటికీ దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది. "అక్కండీ! ఏడుస్తూ వస్తోంది. నాకేదో అయిందని ఎవరితోనైనా అన్నారా?"

"నేను మైకు గురించి చెప్పానంతే!" అనేసరికి ఆయనకు అంతా అర్థమైంది. "ఉండు, వెళ్లి నిజం చెప్పేస్తాను."

"వద్దండీ, మీకు దణ్ణం పెడతాను! బాగానే ఉన్నానని తెలిస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతుంది." ఆవిడ మంచమెక్కి దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

ఏమైందోనని మెడలో హెడ్‌ఫోనుతో దిగివచ్చిన భానుతేజ చేతులు అచ్చాయమ్మ పట్టుకుంది. "డాక్టరుబాబూ, ఎలా ఉంది?"

"లెవెల్స్ అన్నీ బాగున్నాయండి. మధ్యలో ఆ అరుపే కొంచెం ఇబ్బంది పెట్టింది" అన్నాడతను, రికార్డింగు సంగతి అడుగుతోందనుకుని.

అచ్చాయమ్మ మంచం అంచున కూర్చుని చెల్లెలి నుదుటి మీద చెయ్యి వేసింది. గున్నేశ్వరరావు ముందుకొచ్చాడు.

"వదినగారూ, అసలు సంగతేంటంటే..."

"మీరాగండి మరిదిగారూ. జ్వరం లేదేంటే?"

"లోజ్వరం అక్కా" అంది రాజరాజేశ్వరి నీరసంగా.

"ఆహా. ఆటో దిగేసరికి కిటికీలో నిలబడి అరటిపండు తింటున్నావు. లోజ్వరానికి మందా అది?"

రాజరాజేశ్వరి దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. "చూశావా! మరి అంతలా ఏడుస్తూ వచ్చావేంటి?"

అచ్చాయమ్మ చెల్లెలి నుదుటి మీది చెయ్యి తియ్యలేదు. "పిఠాపురం నుంచి మలుపుదాకా నిజంగానే ఏడ్చాను. నిన్ను చూశాక ఆపేద్దామనుకున్నాను. ఆపేస్తే ఏ ముఖం పెట్టుకుని లోపలికి రానే?"

అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఏడుపో నవ్వో తేల్చుకోలేక, గున్నేశ్వరరావు కండువాతో కళ్లొత్తుకుంటూ అరుగు మీదకు వచ్చాడు. అక్కడ బుల్లియ్య కొబ్బరిబొండాల గెలతో నిలబడి ఉన్నాడు.

"గండం గడిచిందాండి?"

"గడిచిందయ్యా" అన్నాడాయన. ఆ పూట అబద్ధమాడడానికి ఆయనకు మనస్కరించలేదు.

ఆల్బం పని ముగించుకుని పిల్లలు ముగ్గురూ అనుకున్న వారానికే వెళ్లిపోయారు. రాజరాజేశ్వరి పూర్తిగా కోలుకుందని నమ్మకం కుదిరి అచ్చాయమ్మ పిఠాపురం బయల్దేరడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.