చవక తూటా చేసిన మేలు

మా ఆవిడ తుపాకీకి తూటాలు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకవు. సూర్యుడు పడమట గుంకుతాడు, వయోమింగ్‌లో గాలి ఆగదు, టూ-ఫిఫ్టీ-సెవెన్ తూటాలు దొరకవు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

పాఠకులారా, నా జీవితంలో ఇంతకు మించిన మేలు జరగలేదని ఈ వారం నా కాలమ్‌లో రుజువు చేయబోతున్నాను.

మా ఆవిడ సిగ్నీ పోయింది. ఆమె తుపాకీ వంటింటి మూల నిలబడి ఉంది. తూటాల డబ్బా ఖాళీ. హార్డ్‌వేర్ కొట్టు నడిపే బెర్నీస్‌ను అడగడానికి వెళ్ళాను.

"మళ్ళీ అవేనా ఆర్లిన్?" అంది తలెత్తకుండా.

"అవే."

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? వాటిని చేసేవాళ్ళకి గుర్తొస్తే చేస్తారు. ఈ ఏడు గుర్తు రాలా. ఇంకేదైనా పుచ్చుకో, లేకపోతే పక్కకి జరుగు."

బెర్నీస్ కౌంటర్ పక్కన ఒక కాఫీ పాత్ర ఉంది. దాని చుట్టూ చేరే మగవాళ్ళకు దేవుడు రెండో సంగతి, తూటా మొదటి సంగతి. థర్టీ-ఆట్-సిక్స్ వాళ్ళది తాతల మతం. తుపాకీ వెనక్కి తన్ని భుజం ఊడి వచ్చినా మతం మారరు. త్రీ-నాట్-ఎయిట్ వాళ్ళది పొదుపు మతం. అన్నిటికంటే చవక, పెట్రోలు బంకులో కూడా దొరుకుతుంది. సిక్స్-ఫైవ్ వాళ్ళు కొత్తగా పుచ్చుకున్నవాళ్ళు. వాళ్ళది దానికన్నా కాస్త ఖరీదైనా సిగ్నీ తూటా కంటే బాగా చవక, గాలికి అంతగా పక్కకు పోదు, తన్నదు, గురికి పెట్టే ఇనుప పలకకైనా జింకకైనా పనికొస్తుంది. కొత్తగా పుచ్చుకున్నవాళ్ళకు ఉత్సాహం ఎక్కువ కదా! ఎదుటివాడిని కూడా కలిపేసుకునేదాకా నిద్రపోరు.

సిగ్నీ తమ్ముడు ఆర్డెన్ ఆ కొత్తవాళ్ళలో ఒకడు.

"బావా, సిక్స్-ఫైవ్ తీసుకో. ఆరు వందల గజాల్లో కూడా గీత గీసినట్టు పోద్ది. అక్క తుపాకీ నాకిచ్చెయ్. గొట్టం మార్పించి వాడుకుంటా."

"ఇవ్వను."

"తూటాల్లేని తుపాకీ ఏం చేసుకుంటావు? తలుపుకి గడియ పెట్టుకుంటావా?"

కాఫీ తాగేవాళ్ళు నవ్వారు. నాకు రోషం వచ్చింది. నా తెలివితక్కువ పనులన్నిటికీ నాందీ వాక్యం అదే. వేట సీజను మొదటి శనివారం సిక్స్-ఫైవ్‌తో నేను ఒక యాంటిలోప్ జింకను కొడితే సిగ్నీ తుపాకీ వాడిది, కొట్టలేకపోతే వాడు దాని మాట మళ్ళీ ఎత్తకూడదు అని అందరి ముందూ చేయి కలిపాను.

ఇక మేళ్ళు వినండి.

గోచీని కాపాడుకోవడానికి పిల్లిని పెంచి, పిల్లికి పాల కోసం ఆవును కొన్న సన్యాసి కథ మీరు వినే ఉంటారు. ఆ సన్యాసిని నేనే. చవక తూటాకు కొత్త తుపాకీ కావాలి. కొత్త తుపాకీకి గురి చూసే పెద్ద స్కోప్ కావాలి. స్కోప్‌కు దూరం చెప్పే లేజర్ కావాలి. లేజర్ చెప్పింది వినడానికి ఫోనులో ఒక యాప్, యాప్ అడిగింది చెప్పడానికి గాలి వేగం కొలిచే బుల్లి ఫ్యాను, వీటన్నిటినీ పరుచుకోవడానికి ఒక చాప. మనిషి నిండుగా బతకడమంటే ఇది కాదా?

పైగా చవక గనక ఎక్కువ కాల్చాను. ఎక్కువ కాల్చాను గనక ఎక్కువ మిగిలింది. ఈ లెక్క అర్థం కాలేదంటే మీరు ఇంతవరకూ తుపాకుల కొట్టు గడప తొక్కలేదన్నమాట. ఎండాకాలమంతా మా గడ్డి మైదానంలో ఇనుప పలకను వాయించాను. పలక మోగిన రోజున పక్క రాంచ్ ఆవులు తల తిప్పి చూసేవి. మోగని రోజున ఇంకా ఎక్కువసేపు చూసేవి.

ఇంట్లో మాటామంతీ కూడా పెరిగింది. యాప్ నన్ను ఎండెంత అని అడిగింది, ఎత్తెంత అని అడిగింది. భూమి తిరగడాన్ని కూడా లెక్కలో కలపమంటావా అంది. ఇన్నేళ్ళ కాపురంలో సిగ్నీ నన్ను అంత గొప్ప ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. బూట్లు విప్పావా అని మాత్రం అడిగేది.

సిగ్నీ వేట పద్ధతి అనాగరికం. సేజ్ పొదల మధ్య పొట్ట మీద పాకించేది. నా మోకాళ్ళ నిండా నాగజెముడు ముళ్ళు దిగేవి. తరవాత ఇద్దరం పక్కపక్కన పడుకునేవాళ్ళం, ఎప్పుడూ ఆమె నాకు కుడివైపు. నేను పొద పైనుంచి గిన్నెలు తుడిచే తెల్లగుడ్డ ఊపేవాణ్ణి. ఆమె తుపాకీ పట్టుకుని కదలకుండా ఉండేది. యాంటిలోప్‌కు కళ్ళు గద్దవి, బుద్ధి మా ఇరుగుపొరుగులది. తెల్లగా ఏదైనా కదిలితే అదేమిటో తెలుసుకోకుండా ఉండలేదు. పోతుంది, ఆగుతుంది, నేల తంతుంది, మళ్ళీ వస్తుంది. రాయి విసిరితే తగిలేంత దగ్గరికి వచ్చాక సిగ్నీ ఒక్కటే కాల్చేది. ఏడాదికి ఒక తూటా. అలా వాడితే తూటాలు చేసేవాళ్ళు బాగుపడేదెలా? వాళ్ళకు గుర్తు రాకపోవడంలో వింతేముంది?

ఒకరు ఊపాలి, ఒకరు కాల్చాలి. అదీ ఆ పద్ధతిలో లోపం.

సీజను మొదటి శనివారం వెళ్ళాను. పందేనికి సాక్షిగా ఆర్డెన్ గట్టు మీద పికప్‌లో బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాడు. చాప పరిచాను, స్టాండు నిలబెట్టాను. దూరాన కంచె దగ్గర ఒక యాంటిలోప్ పోతు మేస్తోంది. లేజర్ ఆరు వందల పై చిల్లర గజాలంది. మంచి దూరం, నాగరికమైన దూరం. గాలి కొలుద్దామంటే బుల్లి ఫ్యానులో బ్యాటరీ అయిపోయింది.

నేనేమన్నా వెర్రివాణ్ణా? రొట్టె చుట్టుకొచ్చిన గుడ్డను విప్పి, ఎదురుగా ఉన్న ఒక పొదకు కట్టాను. అది ఎగిరే తీరును బట్టి గాలి అంచనా వేయొచ్చు. తిరిగొచ్చి పడుకుని, కళ్ళజోడు సరిచేసుకుని, యాప్‌కు జవాబులు చెప్పడం మొదలుపెట్టాను. భూమి తిరగడం కూడా కలిపాను.

లెక్క తేలాక స్కోప్‌లో చూశాను. కంచె ఉంది, పోతు లేదు. తుపాకీని కాస్త ఇటు తిప్పితే స్కోప్ నిండా గోధుమరంగు బొచ్చు. అద్దం పాడైందనుకుని తుడిచాను. మళ్ళీ బొచ్చే.

తలెత్తి చూద్దును కదా, పోతు ఆ గుడ్డ పక్కన నిలబడి ఉంది.

సీజనులో బయట తెల్లగుడ్డ ఆరేస్తే ఏం జరుగుతుందో మా ఊళ్ళో పాలపళ్ళు ఊడని పిల్లలకు కూడా తెలుసు. ఆ గుడ్డను ఇన్నేళ్ళు ఊపినవాడికే తట్టలేదు.

దాన్ని కొట్టడానికి స్కోప్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, గొట్టం వెంట చూసి కాలిస్తే చాలు. అది నేల తన్నింది. గుడ్డ వంక చూసింది, చాప వంక చూసింది. అప్పుడు గమనించాను, నేను చాపకు ఎడమ అంచున పడుకుని ఉన్నాను. కుడివైపు సగం చాప ఖాళీ.

పోతు ఒకసారి చీది, వెళ్ళిపోయింది.

ఆర్డెన్ గట్టు దిగి వచ్చాడు. "ఏం బావా, కునుకు పట్టిందా?"

"లేదు."

"మరి? తోక పట్టుకునేంత దగ్గరికొచ్చింది కదా."

"దూరం చాలలేదు."

"ఏంటీ?"

"ఇది దూరం కొట్టే తూటా. దగ్గరవాటికి వాడితే దండగ."

వాడు పొద దగ్గరికి వెళ్ళి గుడ్డ విప్పాడు. దాని మూలన సిగ్నీ నీలిదారంతో కుట్టిన 'మంగళవారం' ఉంది. వారానికి ఏడు గుడ్డలు, ఏడింటి మీదా పేర్లు కుట్టుకుంది.

"అక్క చూస్తే చంపేది నిన్ను. శనివారం నాడు మంగళవారం గుడ్డ."

"ఇటివ్వు."

ఇచ్చాడు. తుపాకీ మాట ఎత్తలేదు. పందెం పందెమే. పికప్ దాకా వచ్చాక మాత్రం అన్నాడు, "పోనీ రేపు ఇద్దరం వద్దాం. గుడ్డ నేనూపుతా."

"నీకు ఊపడం రాదు."

నిజానికి ఊపేది ఎప్పుడూ నేనే. ఆ సంగతి వాడికీ తెలుసు. బండిని ఇంటి దారి పట్టించాడు.

కాబట్టి పాఠకులారా, ఏ తూటా కొనాలి అని నన్ను అడిగినవాళ్ళకు నా జవాబు ఇది. త్రీ-నాట్-ఎయిట్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది. సిక్స్-ఫైవ్ గాలికి నిలబడుతుంది. రెండూ మంచివే. పక్కన మనిషి ఉంటే ఏదైనా ఏడాదికి ఒకటి చాలు. లేకపోతే ఎంత చవకదీ గిట్టదు.

కొత్త తుపాకీ అమ్మకానికి ఉంది, యాప్‌తో సహా. సిగ్నీది మూలనే ఉంటుంది. బెర్నీస్‌ను ఆ తూటాల గురించి ఇక అడగను. కాఫీ దగ్గర ఎవరైనా ఆ పోతు మాట తెస్తే కప్పు కింద పెట్టి వెళ్ళిపోతాను. ఈ విషయం మీద నేను రాసేది ఇదే, మాట్లాడేదీ ఇదే. ఇక లేదు.