జైనబ్ గెల్చిన ఫ్లోరైడ్ పేస్టు

ఫ్లోరైడ్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది! పైసా ఖర్చు లేకుండా బోరులోంచి బిందెలోకి, బిందెలోంచి నోట్లోకి దానంతటదే వచ్చి మేలు చేసే పదార్థం ఇంకేదైనా ఉందా? నమ్మకపోతే గోపాల్‌పేట దగ్గరి ఓ పల్లెలో, 2006లో, గాజులమ్మే జైనబ్‌కు జరిగిన సన్మానం సంగతి వినండి.

గాజుల గంప నెత్తిన పెట్టుకుని నాలుగూళ్లు తిరిగే మనిషి జైనబ్. యాభై దగ్గర పడ్డా పళ్లు ముప్పై రెండూ ఉన్నాయి. ముప్పై రెండూ గోధుమరంగే. ఆ ఊళ్లో అందరివీ అంతే! సంబంధం చూడ్డానికి తెల్లపళ్ల పిల్లగాడొస్తే, ఒంట్లో ఏదో లోపముందని గుసగుసలు పోయేవారు.

ఆ వానాకాలం బడిలో పళ్ల డాక్టరు క్యాంపు పెట్టారు. శ్రవణ్ కుమార్ అనే కుర్ర డాక్టరు, ఆయన వెనక పేస్టు కంపెనీ బ్యానరు. పిప్పిపన్ను లేని నోటికి మొదటి బహుమతి అన్నారు. డాక్టరు టార్చి వేసి అరవై నోళ్లు చూసి జైనబ్ దగ్గర ఆగిపోయాడు. ఒక్క పుచ్చు లేదు! చప్పట్లు! శాలువా! ఫొటో! బహుమతి ఏమిటంటారా? డజను ఫ్లోరైడ్ పేస్టులు!

జైనబ్ పేస్టు డబ్బాను తిప్పి తిప్పి చూసింది. "గీ ఫ్లోరైడు మా బోర్ల ఉన్నదేనా, డాక్టర్ సాబ్?"

"అదేనమ్మా. కొంచెం ఉంటే పన్ను పుచ్చకుండా కాపాడుతుంది. నీళ్లలో మాత్రం లీటరుకు ఒక మిల్లీగ్రాము చాలు. మీ బోరులో నాలుగున్నర ఉంది. అంతైతే పళ్లకు మరకలు పడతాయి, మోకాళ్లు బిగుసుకుపోతాయి."

"అంటె మాకు నాలుగున్నర రెట్ల ఫాయిదా అన్నట్టు!"

జనం పడీపడీ నవ్వారు. డాక్టరు నవ్వలేదు. ఆమె చంకలో ఉన్న నాలుగేళ్ల మనవరాలు అల్ఫియా వైపే చూస్తున్నాడు. "ఈ పాపకు ఉన్నవి పాలపళ్లు. అసలు పళ్లు ఇప్పుడు చిగుళ్ల లోపల తయారవుతున్నాయి. ఇప్పుడే నీళ్లు మారిస్తే తెల్లగా వస్తాయమ్మా. ఆలస్యమైతే మార్చినా లాభం లేదు."

జైనబ్ నవ్వు అక్కడే ఆగిపోయింది. వారం తిరక్కముందే ఊరందరి చేతా వేలిముద్రలు వేయించి, మంచినీళ్ల ట్యాంకరు కావాలని నీళ్ల ఆఫీసుకు అర్జీ పంపింది.

ఈలోగా కంపెనీవాళ్లు పాంప్లెట్ వేశారు. దాని మీద జైనబ్ ఫొటో! స్టూడియో కంప్యూటరు ఏం మాయ చేసిందో, పళ్లు పాలల్లా మెరిసిపోతున్నాయి. ఊరంతా మురిసిపోయి, అర్జీకి జతగా ఓ పాంప్లెట్‌ను ఆఫీసుకు పంపింది. ఆ మురిపెం తీరకముందే ఆఫీసు నుంచి జవాబొచ్చింది: "జతపరచిన ఫొటోను బట్టి గ్రామస్థుల దంతములు ఆరోగ్యముగా ఉన్నవని తెలియుచున్నది. ట్యాంకరు అవసరము లేదు."

మర్నాడే జైనబ్ స్టీలు క్యాను నిండా బోరు నీళ్లు పట్టుకుని బస్సెక్కింది. ఆఫీసరు బల్ల మీద సీలు తీయని నీళ్ల సీసా ఉంది.

"ఫొటోలో ఉన్నది నువ్వేనా?" అన్నాడాయన అనుమానంగా.

జైనబ్ పళ్లన్నీ కనపడేలా ఇకిలించింది. ఆఫీసరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "అయితే ఏమైందమ్మా, పుచ్చులు లేవు కదా! ఫ్లోరైడ్ పళ్లకు మంచిదే కదా!"

"మంచిదే సార్. గందుకే మీకు గూడ తెచ్చిన." గ్లాసులోకి నీళ్లు వంచి ముందుకు జరిపింది. "జర తాగుండ్రి."

"ఇప్పుడే టీ తాగానమ్మా."

"గట్లనా? అయితే టీ అరిగేదాంక కూసుంట."

బంట్రోతు నవ్వాపుకోలేక గోడకేసి తిరిగాడు. గడియారం పావుగంట నడిచింది. గ్లాసు మాత్రం కదల్లేదు.

"ఫర్వాలేదు సార్, తాగకుండ్రి," అంది జైనబ్ మర్యాదగా. "గీ నీళ్లు తాగనని ఓ కాగితం మీద రాసియ్యుండ్రి, చాలు. నా ఫొటోకు జత చేసి ఇంకో అర్జీ పెట్టుకుంట."

ఆయన ఆ ముక్క రాయలేదు. వారానికి రెండు ట్యాంకర్లు రాశాడు.

అలా ఊరికి రెండు రోజులు మంచినీళ్లు, ఐదు రోజులు ఫ్లోరైడ్ మేలు అందసాగాయి. మొదటి ట్యాంకరు రాగానే బిందెలతో జనం ఎగబడ్డారు. జైనబ్ పైపు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"చిన్నపిల్లలున్నోళ్లు ముందు రాండ్రి! మనం పెద్దోళ్లం, పొందేటి మేలంత పొందినం. పోరగాండ్లకొద్దు!"