హెన్రీగారి గైర్హాజరు

ఉదయగిరి బోరుబావుల నమోదు కార్యాలయంలోని ఏకైక కంప్యూటరును, పాస్‌వర్డ్ లేని చెయ్యి ఏదో వరుసగా నాలుగు రోజులు ఆపేసిందన్న ఘోరం శుక్రవారం ఉదయం బయటపడింది. తెరవడానికి అధికారం కావాల్సిన యంత్రాన్ని ఏ అధికారమూ లేకుండా మూసేయవచ్చని తెలిస్తే, ప్రజలు ఇంకేమేమి మూసేస్తారో ఎవరు చెప్పగలరు?

విచారణకు ఆత్మకూరు డివిజన్ ఆఫీసు నుంచి సూపరింటెండెంట్ రామనారాయణ బస్సు దిగాడు. ఇప్పటికి తొమ్మిది విచారణలు చేసిన మనిషి. (దోషులు దొరకలేదు గాని, తొమ్మిదింటికీ అట్టలు వేయించాడు.)

తెర మీద సీనియర్ అసిస్టెంట్ హెన్రీ ఫోటో నవ్వుతోంది. కింద పాస్‌వర్డ్ గడి.

"ఈయనేడీ?"

"చనిపోయి ఎనిమిది నెలలైంది సార్," అన్నాడు ఆపరేటర్ జయపాల్. "నాకు కొత్త లాగిన్ ఇంకా రాలా. ఆయన పేరుతోనే లాగతా ఉండాను."

రామనారాయణ తృప్తిగా తలూపాడు. పని ఆగలేదు, అది ముఖ్యం. పదిన్నరలోగా లాగిన్ అయితే హాజరు పడుతుంది. ఆ లెక్కన హెన్రీ బతికున్నప్పటికంటే ఇప్పుడే టంచనుగా వస్తున్నాడు.

చిక్కల్లా ఆయన భార్య వరదమ్మతోనే. కూతురు సుజనకు కారుణ్య నియామకం కావాలని ఆమె పెట్టిన అర్జీ మూడుసార్లు తిరిగొచ్చింది. రోజూ డ్యూటీకి వచ్చే ఉద్యోగిని మృతుడని రాయడం ఏ ఆఫీసుకు సాధ్యం? (మరణ ధ్రువపత్రం చూపించింది. కాని అది పంచాయతీది. హాజరు డిపార్ట్‌మెంటుది.) నెలాఖరుకు గడువు తీరిపోతుంది. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రందాకా కంప్యూటరు ఎదుటి బెంచీ మీద కూర్చుంటోంది.

"ఎప్పుడు ఆగుతోంది?" అని అడిగాడు రామనారాయణ.

"పదింటికి ఆన్ చేసి అందరం టీకి పోతాం సార్. వచ్చేతలికి ఆగిపోయుంటాది. మళ్లా లేచేదానికి ముప్పావుగంట. పదిన్నర దాటిపోతాది, హెన్రీ సార్‌కు ఆబ్సెంట్ పడతాది."

టీ సంగతి విచారణ పరిధిలోకి రాదు కనుక రామనారాయణ దాన్ని వదిలేశాడు. కంప్యూటరును ముట్టుకునే హక్కు పాస్‌వర్డ్ ఉన్నవాడిది. పాస్‌వర్డ్ హెన్రీది. ఇక తేలాల్సిందేముంది? అక్కడికక్కడే రెండు కాగితాలు టైపు చేయించాడు. ఒకటి, ఇకపై కంప్యూటరు ఆపాలన్నా లాగిన్ గల ఉద్యోగి వేలిముద్ర తప్పనిసరి. రెండు, అనుమతి లేని గైర్హాజరుకు హెన్రీ స్వయంగా వచ్చి సంజాయిషీ ఇవ్వాలి.

"సార్, ఆయన చర్చి కాంపౌండు వెనక సమాధిలో ఉండాడు!"

"చిరునామా మారితే తెలియజేయాల్సిన బాధ్యత ఉద్యోగిదే."

సంజాయిషీ మెమో హెన్రీ ఇంటికి వెళ్లింది. ఆ సాయంత్రం జయపాల్ ఫోన్ చేశాడు. "సార్, ఆపబోతే హెన్రీ సార్ వేలు అడగతా ఉండాది. ఏంది సార్ చేసేది?"

"ఆపొద్దు."

అప్పటినుంచి కంప్యూటరు ఆగలేదు. దానికొక టేబుల్ ఫ్యాను మంజూరైంది. రాత్రింబవళ్లు విధుల్లో ఉన్నందుకు హెన్రీ పేరు ఉత్తమ ఉద్యోగి జాబితాలోకి దానంతటదే ఎక్కింది. దాంతో వరదమ్మ అర్జీ నాలుగోసారి తిరిగొచ్చింది.

పది రోజుల తర్వాత, సోమవారం, రామనారాయణ సంజాయిషీ కోసం ఉదయగిరిలో కూర్చున్నాడు. వరదమ్మ మెమో పట్టుకుని వచ్చింది.

"ఆయన రాలేదేమ్మా?"

ఆమె మెమోను ఆయన ముందు పెట్టి ముఖంలోకి చూసింది.

"రాతపూర్వకంగా ఇవ్వాలి," అన్నాడాయన, చూపు తిప్పుకుని.

"రాసుకో సార్, చెప్తాను. ఆపింది నేనే. సాయంత్రం పూట జయపాల్ తెర మూలనుండే గుర్తు నొక్కి ఆపతాంటే చూసినాను. లోపలికి పోవాలంటే పాస్‌వర్డ్ అడిగింది గాని, ఆపేదానికి నన్నేమీ అడగలా. మట్టి చేసి వచ్చినాను, ఆయన లేడు సార్ అని ఎనిమిది నెలలు మీకు చెప్పినాను. నేను చెప్తే నమ్మలా. ఆయనే డ్యూటీకి రాకుండా పోతే నమ్ముతారేమోనని ఆపినాను."